మీ యింటిలోనిది ఎలుకయా, చిట్టెలుకయా?

గత వేసవిలో పలమనేరు వైపున ఒక గ్రామమునకు వేరుశెనగ విత్తనపు కాయల నిల్వలు చూచుటకు పోయియుండగా, ఒక రైతు నన్ను తన యింటిలోనికి పిలుచుకొనిపోయి, పడసాలలో గోడకు ఆనించి పేర్చిన పండ్రెండు గోనె బస్తాల దొంతరను చూపించెను. క్రింది వరుస బస్తాలకు చిన్న చిన్న కంతలు పడి నేలమీద పొట్టు రాలియున్నది.

“మీరు ఫోనులో చెప్పినట్లే రెండు తూర్లు మందు పెట్నాను సార్. ముట్టిందే లేదు. బోను పెడితే లోపలుండే కొబ్బరిముక్క పోతాంది గాని తలుపు పడలేదు. ఈ కాలం ఎలుకలకు మనకంటే తెలివి ఎక్కువైపాయ” అని ఆయన వాపోయెను.

నెల దినముల క్రిందట ఆయనకు నేను చెప్పిన మాటలు జ్ఞప్తికి వచ్చినవి. ఎలుకలు క్రొత్త వస్తువును వెంటనే ముట్టవనియు, నాలుగు దినములు ఓపిక పట్టవలెననియు, దూలముల దారిలోను గోడ వారను నాలుగు చోట్ల ఎర నుంచవలెననియు చెప్పియుంటిని. చెప్పినది తప్పు కాదు. కాని అది వేరొక జంతువును గురించి చెప్పవలసిన మాట. ఇద్దరము కలసి బస్తాలను ఒక్కొక్కటిగా దింపగా, అయిదవ బస్తా ప్రక్కన గోనెపీచుతో అల్లుకొన్న పిడికెడు గూడును, అందులో కన్ను తెరవని ఆరు పిల్లలును కనబడినవి. నేలమీద జీలకఱ్ఱ గింజలవంటి పెంటికలు చేరెడు ఉన్నవి. అవి చిట్టెలుకలు. పెద్ద ఎలుక ఆ యింటిలో ఒక్కటియు లేదు. ఎలుక యని ఆయన చెప్పెను, ఎలుక యని నేను వింటిని; ఏ ఎలుక యని నేను అడుగలేదు. ఆ నెల దినములలో ఆయనకు కలిగిన నష్టములో నా పాలు కొంత కలదు.

పైరుపై పురుగు పడినచో అది రసము పీల్చునదియా, కాండము తొలుచునదియా, ఆకు తినునదియా యని విచారించిన పిమ్మటనే మందు కొట్టవలెనని మేము ఊరూర చెప్పుచున్నాము. ఇంటిలోని ఎలుక విషయమునకు వచ్చుసరికి మాత్రము రైతును, దుకాణదారుడును, మావంటి అధికారులును ఒక్క మాటతో సరిపెట్టుకొనుచున్నాము. “ఎలుకల మందు” అని అడుగుదురు, అది ఇత్తురు. ఏ జంతువునకని అడిగిన దుకాణదారుని నేనింతవరకు చూడలేదు. ఈ అలవాటు మారవలెనని నా అభిప్రాయము. దీనివలన గింజయు, డబ్బును పోవుట ఒక యెత్తు. పని చేయని మందును మరింత ఎక్కువగాను, మరింత తీవ్రమైనదిగాను తెచ్చి, పిల్లలు తిరుగాడు ఇంటిలో నలుమూలల నుంచుట మరియొక యెత్తు.

పేరులకు మన భాషలో కొరత లేదు. ఎలుక, చిట్టెలుక, చుంచెలుక, చుంచు, పందికొక్కు అని అయిదు మాటలున్నవి. చిక్కు ఏమనగా, చుంచెలుక యను మాటను కొన్ని యూళ్ళలో చిట్టెలుకకు వాడుదురు. మరికొన్ని యూళ్ళలో కంపు కొట్టుచు గోడవెంట కిచకిచలాడుచు పోవు చుంచునకు వాడుదురు. ఈ రెండును బొత్తిగా వేరు జంతువులు. పుత్తూరు, నగరి, సత్యవేడు ప్రాంతములలో తమిళము మాటలాడు కుటుంబములవారు ఎలుకను ఎలి యనియు, చిట్టెలుకను చుండెలి యనియు, చుంచును మూంజూరనియు, పందికొక్కును పెరుచ్చాళి యనియు విడివిడిగా పిలుతురు. వారివద్ద ఈ తికమక తక్కువ. పందికొక్కు విషయములో మాత్రము మన భాష లోకమునకే పేరిచ్చినది. ఇంగ్లీషువారు బాండికూట్ అనునది మన పందికొక్కే. ఆ మాటనే వారు ఆస్ట్రేలియాకు తీసికొనిపోయి, అక్కడ పొట్టసంచిలో పిల్లలను పెంచు మరియొక జంతువునకు తగిలించిరి. పేరు తప్పుగా పెట్టుట మన యొక్కరి దోషము కాదన్నమాట.

ఇంటి ఎలుకకును చిట్టెలుకకును గల తేడా పెద్ద చిన్నల తేడా మాత్రమే యని తలచువారు చాలమంది. చిట్టెలుక పెరిగి ఎలుక యగునని నమ్మువారిని కూడ చూచితిని. అట్లు కాదు. మేకపిల్ల పెరిగి ఆవు కానట్లే చిట్టెలుక ఎంతకాలము బ్రతికినను చిట్టెలుకయే. ఎదిగిన చిట్టెలుక బరువు 15 మొదలు 25 గ్రాములు. ఎదిగిన ఇంటి ఎలుక 100 గ్రాములకు పైబడి 200 గ్రాముల వరకు తూగును. ఎదిగిన వానిని ప్రక్కప్రక్కన పెట్టినచో పసిపిల్లవాడును చెప్పగలడు. చిక్కు వచ్చునది ఎలుకపిల్ల విషయములోనే. తల్లిని విడిచి తిరుగసాగిన ఎలుకపిల్ల చూచుటకు చిట్టెలుకంతయే యుండును. ఒకటి చచ్చి కనబడినపుడు దాని పాదములను చూడవలెను. ఎలుకపిల్లకు తలయు పాదములును ఒడలికి మించి పెద్దవిగా, ఎరువు తెచ్చుకొన్నట్లుండును. చిట్టెలుకకు పాదములు సన్నముగాను, తల చిన్నదిగాను, చెవులు మాత్రము ఒడలికి మించిన వెడల్పుగాను ఉండును. వెనుక కాలి పాదమును మడమ మొదలు వ్రేలి చివర వరకు కొలిచినచో చిట్టెలుకకు 2 సెంటీమీటర్లకు మించదు. ఎలుకపిల్లకు అంతకు మించును. ఇంటి ఎలుక తోక తలయు ఒడలును కలిపిన పొడవుకంటె ఎక్కువ. చిట్టెలుక తోక ఇంచుమించు ఒడలంత. రంగును నమ్మరాదు. నలుపు, గోధుమవన్నె, బూడిదవన్నె రెండింటిలోను కలవు.

చంపిన జంతువు చేతికి చిక్కుటయే కష్టము గదా యని మీరనవచ్చును. అందులకే పెంటికలను చూడుడని చెప్పుచున్నాను. చిట్టెలుక పెంటిక జీలకఱ్ఱ గింజవలె సన్నముగా, కొనదేరి, 3 మొదలు 6 మిల్లీమీటర్లుండును. ఇంటి ఎలుకది అర అంగుళము పొడవు. వడ్లగింజ కన్న పెద్దది. పందికొక్కుది మరింత లావు. చిట్టెలుక పెంటికలు అది మేసిన చోటనే చల్లినట్లు పడియుండును. పైగా చిట్టెలుకలు కాపురమున్న గదిలో మూసిపెట్టిన పాతబట్టల వాసనవంటి ఒక ముక్కవాసన వేయును. ఒకసారి తెలిసినవాడు తలుపు తీయగానే చెప్పును. ఎలుక పోవు దారిలో దూలములమీదను వాసములమీదను జిడ్డుతో కూడిన నల్లని చార ఏర్పడును. కంతలలోను తేడా కలదు. పెన్సిలు దూరు సందున, అనగా కాలు అంగుళములో, చిట్టెలుక దూరును. ఎలుకకు బొటనవ్రేలు దూరునంత సందు కావలెను. మోటారు స్టార్టరు పెట్టెలో దూరి తీగలు కొరుకునది తరచు చిట్టెలుకయే.

ఇంటర్నెట్టులోను, ఇంగ్లీషు కరపత్రములలోను మురుగు కాలువలలో నివసించు గోధుమరంగు ఎలుకను గురించి విస్తారముగా వ్రాయబడియుండును. ఆ జాతి మన దేశములో ముఖ్యముగా ఓడరేవుల యందును పెద్ద పట్టణముల యందును కలదు. మన లోతట్టు గ్రామములలో ఇంటి కప్పులో నుండునది నల్ల ఎలుక జాతి. దొడ్డిలోను పునాది క్రిందను మన్ను తోడిపోయునది పందికొక్కు. కనుక ఆ కరపత్రములను అక్షరాల మన పెంకుటిండ్లకు అన్వయించుట ప్రయోజనము లేని పని.

నడవడిని బట్టి చూచినచో ఈ రెండు జంతువులు దాదాపు ఎదురెదురు స్వభావములు గలవి. ఎలుక అనుమానపు జీవి. తన దారిలో క్రొత్త వస్తువు కనబడినచో రోజుల తరబడి దూరముగా తొలగిపోవును. క్రొత్త తిండిని కొద్దిగా కొరికి ఊరకుండును. తిని కడుపులో బాధ కలిగినచో మరల ఆ రుచి జోలికి పోదు. చిట్టెలుక వింతలపై మోజు గలది. క్రొత్త వస్తువు పెట్టిన రాత్రియే వచ్చి వాసన చూచును. ఎలుక ఒకటి రెండు చోట్ల కడుపునిండ మేయును. రోజుకు 15 మొదలు 25 గ్రాములు తినును. చిట్టెలుక తినునది 3 గ్రాములే. కాని ఆ మూడు గ్రాములను ఇరువది ముప్పది చోట్ల ఒక్కొక్క గింజ చొప్పున కొరికి తినును. అది తినిన దానికంటె పెంటికలతోను మూత్రముతోను చెరచినది ఎక్కువ. ఎలుక రాత్రి ముప్పది నలుబది గజములు తిరిగి వచ్చును: పగలు చింతచెట్టుమీదనో వామిలోనో ఇంటికప్పులోనో ఉండి రాత్రి దిగివచ్చును. చిట్టెలుక లోకము ఒక గది, ఒక బస్తాల దొంతర. గూటినుండి అయిదారు గజములు దాటిపోవుట అరుదు. తిండి పుష్కలముగా నున్న బస్తాలోనే గూడు కట్టుకొనును.

మరియొక తేడా మన రాయలసీమకు ముఖ్యమైనది. ఎలుకకు ప్రతిదినము నీరు కావలెను. చిట్టెలుక గింజలోని తేమతోనే జరుపుకొనగలదు. వేసవిలో పశువుల తొట్టిని, కుడితి కుండను, స్నానపు గదిలోని గంగాళమును రాత్రులు మూతవేసి యుంచినచో ఇంటి ఎలుకకు గట్టి దెబ్బ తగులును. అప్పుడు బోనుప్రక్కన చిన్న మూకుడుతో నీరు పెట్టినచో అదియే మంచి ఎర. చిట్టెలుకకు ఈ ఉపాయమేదియు పనికిరాదు.

రైతులు నన్ను తరచు అడుగు మరియొక ప్రశ్న కలదు. “మందు పెట్టినాక కొన్నాళ్ళు బాగుండె సార్, మళ్ళీ వచ్చేసినాయి, మందు నకిలీదా?” యని. నకిలీది కావచ్చును. అయితే ఎలుకలున్న ఇంటిలో చిట్టెలుకలు సాధారణముగా తలయెత్తవు. ఎలుక చిట్టెలుకను తరుమును, చంపును, తినును కూడ. ఎలుకలు చచ్చిన పిమ్మట ఆ ఖాళీలోనికి చిట్టెలుకలు వచ్చి వర్ధిల్లును. రైతు పొట్టును చూచి పాత శత్రువే తిరిగివచ్చెనని తలచి మరల అదే మందు, అదే చోట్ల పెట్టును. వచ్చినవాడు వేరు. పెంటికలు చూచిన తెలియును.

ఇక పట్టుట యెట్లు? ఎలుకకు పెద్ద బోను. దానిని తలుపు కట్టివేసి, లోపల ఎండుకొబ్బరియో, ఎండుచేపయో, మసాలా వడయో పెట్టి మూడు నాలుగు రాత్రులు ఊరక తిననీయవలెను. భయము తీరిన పిమ్మట తలుపు ఎక్కుపెట్టవలెను. గోడ వారగా, దూలము మీద, దాని జిడ్డుదారిలోనే బోనుండవలెను. గది నడుమ పెట్టి ప్రయోజనము లేదు. చిట్టెలుకకు ఈ బోను పనికిరాదు. తీగల సందున వచ్చి, తిని, పోవును. పైన చెప్పిన రైతు కొబ్బరిముక్క పోయినది అట్లే. దానికి చిన్న చెక్క స్ప్రింగు బోనులు కావలెను. ఒకటి రెండు చాలవు. ఒక గదికి పదియైనను ఉండవలెను. రెండేసి గజములకు ఒకటి చొప్పున, ఎర పెట్టిన కొస గోడకు తగులునట్లు ఉంచవలెను. ఎర ఎంత తక్కువయైన అంత మంచిది. వేరుశెనగ నూనె అద్దిన రెండు బొరుగులు చాలును, లేదా గూడు కట్టుకొనుటకు ఆశపడునట్లు చిన్న దూదిపింజె కట్టవచ్చును. మొదటి రాత్రియే ఎక్కుపెట్టవచ్చును. ఓపిక పట్టుమన్న నా సలహా ఇక్కడ నష్టము చేయును. రెండు రోజులలో పడనిచో చోటు మార్చవలెను. దానంతట అది బోను వద్దకు రాదు; బోనే దాని వద్దకు పోవలెను.

బస్తాలను గోడకు ఆనించి పేర్చుట మన యిండ్లలో పెద్ద లోపము. గోడకు ఒకటిన్నర అడుగు ఎడముగా, పలకలమీద పేర్చినచో చుట్టును మనిషి తిరిగి చూడవచ్చును, బోనులు పెట్టవచ్చును. చిట్టెలుక ఇరువది దినములు మోసి అయిదారు పిల్లలను పెట్టును. ఆ పిల్లలు నెలన్నరకు తిరిగి ఈనుటకు సిద్ధమగును. కనుక పదునైదు దినముల కొకసారి బస్తాలను దింపి, దులిపి, తిరుగవేసి పేర్చినచో గూడు నిలువదు. ఇది ఖర్చు లేని మందు. చేయువారు తక్కువ. నడుములు నొచ్చునని కారణము చెప్పుదురు, అది నిజమే. కాని విత్తనపు కాయ కొనబోయినపుడు నొచ్చునది నడుము కాదు. స్థోమత గలవారు మూత బిగియు ఇనుప గాదె చేయించుకొనుట మేలు. తలుపు క్రింది సందునకు ఇనుపరేకు కొట్టి, కాలు అంగుళమునకు మించి వెలుతురు కనబడకుండ చూడవలెను. ఎలుకకైనచో ఇంటి కప్పునకు తగులు చెట్టుకొమ్మలను కొట్టివేయవలెను, వామిని ఇంటికి దూరముగా వేయవలెను.

మందుల సంగతి చివరకు వ్రాయుచున్నాను. ఇంటిలో వాని స్థానము చివరిదేయని నా నమ్మకము. జింకు ఫాస్ఫైడు నల్లని పొడి, వెల్లుల్లి వాసన కలది. దానిని 96 పాళ్ళు నూకలకు 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు మందు చొప్పున కలిపి, ముందు రెండు మూడు రోజులు మందు లేని నూకలు తినిపించి, పిమ్మట పొలము గట్లమీద కన్నములలో పెట్టుట సిఫారసు. అది పొలము మందు. దానికి విరుగుడు లేదు. కడుపులోని తేమతోను ఆమ్లముతోను కలిసి విషవాయువు పుట్టించును. ఎలుక దానిని చాలనంతగా తినక బ్రతికినచో, వారముల తరబడి ఆ ఎరను ముట్టదు. దానిని వంటయింటిలో పెట్టుట ఏ విధముగను తగదు. అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళల మాట చెప్పనే వద్దు. ప్రభుత్వ నిపుణుల పర్యవేక్షణలోనో, అనుమతి పొందిన సంస్థల చేతుల మీదుగానో తప్ప వాడరాదని నిబంధన కలదు. మనుష్యులు నిద్రించు ఇంటిలో ఆ బిళ్ళలను కన్నమున వేసినచో వాయువు సందులగుండ గదిలోనికి వచ్చును.

వీనికంటెను నాకు భయము కలిగించునది గొట్టములలో వచ్చు పసుపు భాస్వరపు పేస్టు. చూచుటకు పండ్లు తోముకొను పేస్టువలె నుండును. దానిని రొట్టెముక్కకో టమాటాకో పూసి మూలల పెట్టుదురు. అది తిన్న పిల్లకు మొదటి ఒకటి రెండు రోజులు వాంతులు తప్ప పెద్ద బాధ కనబడకపోవచ్చును. తగ్గినదని ఇంటివారు ఊరడిల్లుదురు. తరువాత కాలేయము చెడిపోవును. దీనికిని విరుగుడు లేదు. చిట్టెలుక మీద కోపముతో ఈ పేస్టును ఇంటిలోనికి తెచ్చుట, ఇంటిలో ఎలుకలున్నవని ఇల్లు తగులబెట్టుకొన్నట్లే. తెచ్చియున్నవారు నేడే తీసివేయవలెనని చేతులు జోడించి కోరుచున్నాను.

మందు తప్పనిసరియైనపుడు ఇంటి ఎలుకకు బ్రోమోడయొలోన్ 0.005 శాతపు బిళ్ళలు వాడవచ్చును. ఇది రక్తమును గడ్డకట్టనీయని జాతి మందు. ఎలుక నాలుగైదు రోజులకు గాని చావదు గనుక దానికి అనుమానము కలుగదు. విటమిన్ కె1 దీనికి విరుగుడు. అయినను దీనిని కూడ పిల్లలకు, కోళ్ళకు, కుక్కలకు అందని చోట, మూతగల డబ్బాకు ఎలుక దూరునంత కంత చేసి అందులో పెట్టవలెను. చచ్చిన వానిని ఏరి లోతుగా పూడ్చవలెను. పిల్లి వానిని తినినచో దానికిని అపాయమే. ఇంతటి పెద్ద బిళ్ళను చిట్టెలుకకు పెట్టి లాభము తక్కువ. అది ఒకచోట కూర్చుండి మేయదు. చిట్టెలుకకు బోనులు చాలునని నా అనుభవము. ఏ మందైనను మనిషి కడుపులోనికి పోయినట్లు అనుమానము కలిగినచో, బాధ కనబడువరకు వేచియుండక, ఆ మందు డబ్బానో పొట్లమునో చేతబట్టుకొని ఆసుపత్రికి పోవలెను. ఏ మందో తెలిసిననే చికిత్స.

ఏ జంతువు చచ్చినదో తెలిసికొనుట ఎందుకు ముఖ్యమో చెప్పుటకు మన పొరుగు కథ యొకటి కలదు. ప్లేగు 1896లో బొంబాయిలో ప్రవేశించి, 1898 నాటికి బెంగుళూరు, మైసూరు సీమలకు వ్యాపించెను. ఆ యేడే కరాచీలో సిమోండ్ అను ఫ్రెంచి వైద్యుడు, ఈ వ్యాధిని ఎలుకనుండి మనిషికి చేర్చునది ఎలుక మీది గోమారి వంటి చిన్న పురుగేయని కనుగొనెను. ఇంటికప్పులో నుండు నల్ల ఎలుక చచ్చి చల్లబడగానే ఆ పురుగులు దానిని విడిచి క్రింద పడుకొన్న మనుష్యులపైకి దుముకును. అందువలననే ఇంటిలో ఎలుకలు రాలుట చూచి జనులు ఊరు విడిచి చేలలో గుడిసెలు వేసికొనెడివారు. పలమనేరు నుండి బెంగుళూరు మార్గమున సరిహద్దు దాటినచో వచ్చు ముల్బాగలులో 1966లో మనుష్యులకు ప్లేగు సోకినది. ఆ పిమ్మట 1994లో బీడు, సూరతులలో వచ్చువరకు దేశములో మనుష్యులయందు అది కనబడలేదు. మూడు రాష్ట్రముల కూడలియగు మన ప్రాంతములో ఎలుకలను పట్టి పరీక్షించు పని అటు తరువాతను జరిగినది. భయపెట్టుటకు వ్రాయుట లేదు. మందు పెట్టని ఇంటిలో పెద్ద ఎలుకలు రెండు మూడు కారణము లేక చచ్చిపడినచో, వానిని వట్టి చేతితో తాకక ఆరోగ్య సిబ్బందికి చెప్పవలెను. ఎలుకయో, చిట్టెలుకయో, చుంచో తెలియక “ఏదో చచ్చింది” అని పెంటదిబ్బపై విసరివేయు ఇంటినుండి ఆ వార్త ఎవ్వరికి అందును? ప్లేగు మాట అటుండ, ఎలుక మూత్రము కలిసిన నీటివలన వచ్చు లెప్టోస్పైరా జ్వరము నేటికిని కలదు.

చుంచును గురించి ఒక్క మాట. పొడుగు మూతి, చిన్న కన్నులు, కస్తూరి వంటి కంపు. దీనికి ఉలివంటి కొరుకుడు పండ్లు లేవు. ఎలుక జాతియే కాదు. బస్తాను కొరుకలేదు. దాని తిండి బొద్దింకలు, పురుగులు. దీనిని చిట్టెలుక యనుకొని మందు నూకలు పెట్టి, అది తినకుండుట చూచి మందు మంచిది కాదను ఇల్లాండ్రు కలరు. ఒక అవ్వకు ఈ సంగతి చెప్పగా, “అయితే దాన్ని పోనీ నాయనా, కంపు మాత్రం ఓర్చుకోవాల గదా” అనెను. ఓర్చుకొనలేనివారు కాలువ తూమునకు జల్లెడ బిగించినచో రాదు.

ఈ తేడాలను పుస్తకము లేకయే ఎరిగినవారు మనలో కలరు. శ్రీకాళహస్తి వైపు వరిపొలములలో యానాదులు ఎలుకలు పట్టుట చూచితిని. గట్టుమీది కన్నము మూతిని చూచి, తాజా మన్ను ప్రోగుపడి లోపలినుండి మూసియుండుట గమనించి, లోపలిది కొక్కేయని త్రవ్వకముందే చెప్పుదురు. అడుగున కంత గల కుండలో గడ్డి కూరి, నిప్పంటించి, మూతిని కన్నమునకు ఆనించి ఊదుదురు. ఎలుక చిక్కును, అది దాచిన వెన్నులును చిక్కును. చుట్టుప్రక్కల ఒక్క విషపు గింజ పడదు. శిక్షణ తరగతులకు మమ్ములను పిలుచునపుడు, కూలి ఇచ్చి వీరిలో ఒకరిని కూడ పిలిచినచో రైతులు మా కంటె వారి వద్దనే ఎక్కువ నేర్తురు.

గ్రామ సచివాలయ ఉద్యోగులకు, ముఖ్యముగా వ్యవసాయ సహాయకులకు నా మనవి యిది. ఎలుకల బాధ యని ఎవరైన వచ్చినచో మందు పేరు చెప్పుటకు ముందు, ఆ చోటి పెంటికలు నాలుగు కాగితములో మడిచి తెమ్మని చెప్పుడు. ప్రక్కన ఒక జీలకఱ్ఱ గింజను, ఒక వడ్లగింజను పెట్టి చూడుడు. చూచిన పిమ్మట చేతులు సబ్బుతో కడుగుకొనుడు. ఎరువులు, మందులు అమ్మువారికి ఇచ్చు సూచనలలో కూడ, ఏ జంతువునకని అడిగిన పిమ్మటనే అమ్మవలెనను వాక్యము చేర్చుట మంచిది. ఊరంతటికి ఒక ఇరువది చిన్న బోనులు ఉమ్మడిగా ఉంచి, కావలసినవారికి పది రోజులు ఎరువిచ్చి తిరిగి పుచ్చుకొనవచ్చును. వాని వెల విషపు మందులకు ఏటేట పెట్టు దానికంటె తక్కువ.

పలమనేరు వైపు రైతు ఆ సాయంకాలమే సంతకు పోయి పండ్రెండు చిన్న బోనులు కొనితెచ్చెను. తొమ్మిది రాత్రులలో పందొమ్మిది పడినవని, పదవ రాత్రి ఒక్కటియు పడలేదని ఫోనులో చెప్పెను. బస్తాలిప్పుడు గోడకు ఎడముగా నున్నవట. బోనులను ప్రక్కయింటివారు అడిగి తీసికొనిపోయిరట; వారి యింటి పెంటికలు మాత్రము అర అంగుళమున్నవని చెప్పగా, ఆ బోనులు వెనుకకు తెప్పించుకొని, పెద్ద బోను పంపుమంటిని.